ఫిక్స్ అయినట్టే అన్నాను

మా ఇళ్లలో ఫిక్స్ అనేది మంచి మాట. పెళ్లి ఫిక్స్ అయింది అంటాం, సీటు ఫిక్స్ అయింది అంటాం. ఆపరేషన్‌కి రోజు ఫిక్స్ అయింది అన్నా కూడా అందులో ఒక నిశ్చింత ఉంటుంది. ఇక అటూ ఇటూ కాదు, ఇక భయం లేదు అని దానర్థం. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నలభై ఏడేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. తెలియనప్పుడు తెలియదని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకునే మనిషిని కాను నేను. నలుగురి ముందు నిలబడి, గొంతెత్తి మరీ చెప్పాను.

నేను నర్సుని. దక్షిణ ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మేముండేది కటవారియా సరాయ్‌లో. ఆ సందుల్లో ఏ గది తలుపు తీసినా పరీక్షలకు చదివే పిల్లలే. వాళ్ల మధ్య, కింది వాటాలో కాపురం ఉంటున్నది మేమొక్కళ్లమే. మా ఆయన స్కూలు బస్సు నడుపుతారు. మా అమ్మాయి ధౌలా కువాన్‌లో కాలేజీకి వెళుతుంది. నేను తెలుగులో అరుస్తాను, అది హిందీలో జవాబు చెబుతుంది, ఇద్దరికీ బాగానే అర్థమవుతుంది.

ఆదివారాలు నాకు ఇంకో ఉద్యోగం ఉంది. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన ఒక అద్దె హాల్లో జరుగుతుంది. బయటినుంచి వచ్చే ప్రసంగీకులు హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతారు. వాళ్ల పక్కన నిలబడి ఒక్కో వాక్యాన్నీ తెలుగు చేసి చెప్పేది నేను. ఈ విషయంలో నాకు కాస్త పొగరుండేది, ఒప్పుకుంటాను. ప్రసంగీకుడు ఎక్కడైనా నసిగితే నేను సర్ది చెప్పేదాన్ని. ఆయన చెప్పినదానికంటే నువ్వు చెప్పిందే బాగుందని జనం అంటే, అబ్బే అంటూనే ఇంటిదాకా మురిసిపోయేదాన్ని. పదేళ్లపాటు అలా జరిగేసరికి మా వాళ్లకు అదొక అలవాటైంది. నా నోటినుంచి తెలుగులో వచ్చిందంటే అసలు మాట అదే అనుకునేవారు.

ఆ అలవాటు ఆంటీకి మరీ ఎక్కువ.

ఆంటీ మా వార్డులో అటెండెంట్. రోగుల ఒళ్లు తుడవడం, పక్క దుప్పట్లు మార్చడం, స్ట్రెచర్ తోయడం అన్నీ ఆవిడే చేసేది. వయసు యాభై నాలుగు. రేపల్లె దగ్గరి మనిషి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. జియా సరాయ్‌లో మేడమీద ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. తెలుగు చక్కగా చదువుతుంది, హిందీ బాగానే మాట్లాడుతుంది, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నేను ఆ ఆసుపత్రిలో అడుగుపెట్టిన మొదటి రోజు నా చేతికి టీ గ్లాసు ఇచ్చి, ఏ డాక్టరు ఎప్పుడు అరుస్తాడో, ఏ లిఫ్టు ఎప్పుడు ఆగిపోతుందో విడమరిచి చెప్పింది ఆవిడే. అప్పటికే ఐదేళ్లుగా అక్కడ ఉంది. ఎంత బరువైన మనిషినైనా నొప్పి తెలియకుండా పక్కకు తిప్పగలదు. ఇంజెక్షన్ కోసం నన్ను పిలిచిన రోగులు కూడా ముందు ఆంటీ ఉందా అని అడిగేవారు. నాకు అప్పుడప్పుడూ ఒళ్లు మండేది.

ఆవిడ దగ్గర ఒక పాత పాటల పుస్తకం ఉంది, చర్చిలో పాడుకునేది. మా వైపు అలాంటి పుస్తకం మొదట్లో ఉండే ఖాళీ కాగితాల మీద ఇంట్లోవాళ్ల పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, చావులు రాసుకుంటారు. ఆంటీ పుస్తకంలో భర్త పోయిన తేదీ కింద ఇంకో వరుస ఉంది. "ఈ దినము నుండి ఢిల్లీ ఆసుపత్రిలో డ్యూటీ" అని, తేదీతో సహా. పదహారేళ్ల ఆవిడ ఉద్యోగానికి ఈ లోకంలో ఉన్న రాత అదొక్కటే.

ఎందుకంటే మాకెవరికీ కాగితాలు లేవు. ఆసుపత్రిలో పనిచేస్తాం గానీ ఆసుపత్రి మనుషులం కాదు, ఏజెన్సీ మనుషులం. ఆ ఏజెన్సీ పేరు నేను చూస్తుండగానే మూడుసార్లు మారింది. మారినప్పుడల్లా మెడలో కార్డు మారేది. పని అదే, వార్డు అదే, తిట్లు కూడా అవే.

పోయిన చలికాలంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని టీవీలో చెప్పారు. పాత కార్మిక చట్టాలు చాలావాటిని కలిపి నాలుగు చేశారని, ఇకమీదట పనిచేసే ప్రతి మనిషికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చి తీరాలని, నలభై దాటినవాళ్లకు ఏడాదికోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేయించాలని ఆ వార్తల సారాంశం. ఆంటీ నవ్వింది. ఊరందరి బీపీ చూసేచోట పదహారేళ్లు ఉండి, తన బీపీ ఎవరూ చూడలేదంది. నేను అప్పటికప్పుడు మిషను తెచ్చి చూశాను. ఎక్కువే ఉంది.

క్రిస్మస్‌కి ఇంకా వారం ఉందనగా హెచ్‌ఆర్ మేనేజరు మమ్మల్నందరినీ కింద కాన్ఫరెన్స్ హాలుకు పిలిచాడు. వయసులో చిన్నవాడు, ఎదుటివాళ్లెవరైనా సరే మేడమ్ జీ అంటాడు. కొత్త చట్టం ప్రకారం ఏజెన్సీని తీసేసి అందరినీ నేరుగా ఆసుపత్రి రోల్‌లోకి తీసుకుంటున్నామని హిందీలో చెప్పాడు. మాలో తెలుగువాళ్లం ఎనిమిది మందిమి. నావైపు తిరిగి, మీ వాళ్లకు మీ భాషలో మీరే చెప్పండి మేడమ్ జీ, మీరు చర్చిలో చెబుతారట కదా అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను పడిపోయాను.

చేతికిచ్చిన కాగితాలు నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషే. పైన పెద్ద అక్షరాలతో ఫిక్స్‌డ్ టర్మ్ ఎంప్లాయ్‌మెంట్ అని ఉంది. నేను నా పేరు చూసుకున్నాను, హోదా చూసుకున్నాను. పై మాట చదివి, టర్మ్స్ అంటే షరతులు కదా, షరతులు కూడా ఖాయమయ్యాయన్నమాట అనుకున్నాను. మిగతా పేజీలు తిప్పేలోపు పైనుంచి వార్డువాళ్లు ఫోన్ చేస్తున్నారు. నేను మా వాళ్లవైపు తిరిగి, ఆదివారం నిలబడినట్టే నిలబడ్డాను.

"ఇయ్యాల్టినుంచి మనం ఏజెన్సీ మనుషులం కాదు, ఆసుపత్రి మనుషులం. కాగితం ఇస్తున్నారు. మన ఉద్యోగాలు ఫిక్స్ అయినట్టే," అన్నాను.

మేనేజరుకు తెలుగు రాదు. కానీ ఫిక్స్ అనే మాట ఆయన చెవిన పడింది. హా జీ, ఫిక్స్‌డ్ అని నవ్వుతూ తలూపాడు. ఆ తలూపడం గురించి తరువాత నేను ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్కలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పింది నేను.

ఆంటీ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నా పక్కకు వచ్చింది. ఇందులో అంతా బాగానే ఉందంటావా అమ్మా అని అడిగింది. ఉంది ఆంటీ, పెట్టు అన్నాను. నాలుగు పేజీల మీదా, తెలుగులో, గుండ్రంగా ఆవిడ సంతకం పెట్టేదాకా నేనే వేలుతో చోటు చూపిస్తూ నిలబడ్డాను. పాత ఏజెన్సీ కార్డులు వెనక్కి ఇచ్చేయాలన్నారు. అవి వేయడానికి ఏమీ దొరక్క వార్డునుంచి సిరంజిలు పెట్టుకునే కిడ్నీ ట్రే తెప్పించి అందరి దగ్గరా నేనే వసూలు చేసి ఇచ్చాను. అంత హుషారుగా ఉన్నాను.

జనవరిలో ఆంటీ తన గదిలో కృతజ్ఞత కూడిక పెట్టింది. మా వాళ్లలో ఇంట్లో ఏదైనా మంచి జరిగితే నలుగురినీ పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేసి, భోజనం పెట్టడం ఆనవాయితీ. ఆ చిన్న గదిలో పద్నాలుగు మందిమి మోకాళ్లు తగిలేట్టు కూర్చున్నాం. బల్లమీద కొవ్వొత్తి, పాటల పుస్తకం, పక్కనే ఆ అపాయింట్‌మెంట్ లెటర్. పేజీ పేజీకీ లామినేషన్ చేయించింది. చెమ్మ తగలకూడదని చెప్పింది. పదహారేళ్లకు నేనొక మనిషినని కాగితం వచ్చింది అని సాక్ష్యం చెబుతూ ఏడ్చింది. ఆ సంగతి తనకు తెలుగులో చెప్పినందుకు నాకు కూడా వందనాలు చెప్పింది. నేను సిగ్గుపడుతున్నట్టు నటించాను.

ఆ కూడికకు మా పైగదిలో ఉండే నల్గొండ అమ్మాయిని కూడా తీసుకెళ్లాను. సివిల్స్‌కు చదువుతోంది, అది మూడోసారి. మా విశ్వాసం కాదు గానీ తెలుగు భోజనం ఉందంటే ఎక్కడికైనా వస్తుంది. ప్రార్థనకు బుద్ధిగా కళ్లు మూసుకుని, పులావు వాసనకు అందరికంటే ముందు తెరిచింది. పళ్లెం చేతిలో పట్టుకునే ఆ లామినేషన్ కాగితాలు చదవడం మొదలుపెట్టింది. పరీక్ష కోసం కొత్త కోడ్‌లన్నీ కంఠతా పట్టిందేమో, ఉత్సాహంగా చదువుతోంది. మూడో పేజీకి వచ్చేసరికి తినడం ఆపేసింది. నావైపు చూసింది. అందరిలో ఏమీ అనలేదు.

మెట్లు దిగుతున్నప్పుడు నన్ను ఆపింది.

"అక్కా, అండ్ల ఆరు నెలలే అని రాసుంది. చూసిన్రా?"

ఏమిటి ఆరు నెలలు అన్నాను.

"ఫిక్స్‌డ్ టర్మ్ అంటే ఉద్యోగం ఫిక్స్ అయినట్టు కాదక్కా. ఉద్యోగం అయిపొయ్యే రోజు ఫిక్స్ అయినట్టు."

ఆ పిల్ల పాపం మెల్లగా వివరించింది. చట్టం అలా ఒక గడువు పెట్టి పనిలోకి తీసుకోవచ్చంటుంది, ఆ గడువులో ఉన్నన్నాళ్లూ పర్మినెంటు వాళ్లతో సమానంగా చూడాలంటుంది, ఏడాది నిండితే గ్రాట్యుటీ కూడా ఉంటుంది. అందుకే ఆరు నెలలు పెట్టినట్టున్నారు. గడువు తీరితే అది తీసేయడం కిందికి రాదు, ఎందుకని అడగడానికి ఉండదు. అంతకంటే పెద్దది మూడో పేజీలో ఉందని చెప్పింది. ఇంతకుముందు ఈ సంస్థలో ఏ హోదాలోనూ పనిచేయలేదని ఒప్పుకుంటున్నట్టు అక్కడ ఒక వాక్యం ఉంది. దాని కిందే సంతకం. చట్టంలో మంచి కూడా ఉందని, పదహారేళ్లుగా ఉన్న మనిషిని ఇవాళ చేరినట్టు చూపించడాన్ని ఎదిరించవచ్చని, అయితే పనిచేసినట్టు రుజువు కావాలని అంది. పాత కార్డు ఉందా అక్కా అని అడిగింది. కిడ్నీ ట్రే కళ్లముందు కదిలింది.

నా దగ్గరా అదే కాగితం ఉంది. అందరి దగ్గరా అదే. కానీ నాకు భయం వేసింది ఆంటీ గురించి. చిన్న పిల్లలకు ఇంకో ఆసుపత్రి దొరుకుతుంది. యాభై నాలుగేళ్ల అటెండెంటుని ఎవరు తీసుకుంటారు?

వెనక్కి మెట్లెక్కి ఆవిడకు చెప్పి ఉండాల్సింది. పైనుంచి పాట వినిపిస్తోంది, గిన్నెలు కడుగుతూ పాడుతోంది. ఎక్కలేకపోయాను. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు డ్యూటీలో ఆవిడ కొత్త కార్డును చీర కొంగుతో తుడుచుకోవడం చూసి, ఇంకో రోజు చూద్దాం అనుకున్నాను. హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లి అడిగాను. రిన్యూ హో జాయేగా మేడమ్ జీ, టెన్షన్ మత్ లీజియే అన్నాడు. గడువు పొడిగిస్తారట, దిగులుపడొద్దట. ఆ మాట పట్టుకుని వేలాడాను. అడిగితే చెబుదాం, అడగకపోతే పొడిగించాక ఇక చెప్పే అవసరమే ఉండదు అని లోలోపల లెక్క వేసుకున్నాను. నిజం చెప్పాలంటే అది ఆవిడ మీద జాలి కాదు. అంతమంది ముందు అంత ధీమాగా చెప్పిన మాట తప్పని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

మార్చిలో అడగనే అడిగింది. ఘాజియాబాద్‌లో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది. అక్కడ పిల్లల్ని చూసుకోవడానికి ఒక పెద్దావిడ కావాలని, గదీ భోజనమూ అక్కడేనని ఆంటీకి కబురొచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూములో డబ్బా మూత తీస్తూ ఆ సంగతి నాకు చెప్పింది.

"ఫిక్స్ అయిన ఉద్యోగం వొదులుకుని ఎట్టా పోతానమ్మా? పోనా? నువ్వేమంటావు?"

ఆ క్షణం నా చేతిలో ఉంది. ఆంటీ, వెళ్లు, వెంటనే వెళ్లు అనాలి. అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఎప్పటినుంచి తెలుసు అని అడుగుతుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నీ ఇష్టం ఆంటీ అన్నాను. ఆవిడ తలూపి, తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి తీసి నా అన్నంలో వేసింది. హాస్టలువాళ్లకు రాలేనని ఆ సాయంత్రమే కబురు పంపింది. నెల తిరక్కుండా ఆ చోటు నిండిపోయింది.

ఎండలు ముదిరాయి. జూన్‌లో గడువు తీరిన రోజు నేను పొద్దున డ్యూటీలో ఉన్నాను. చాలామందికి కొత్త కాగితాలు తయారవుతున్నాయి, ఈలోపు పనిచేసుకోండి అని ముందురోజే కబురు చేశారు. నాకు కూడా. ఆంటీకి కబురు రాలేదు. అలాంటి కబురొకటి రావాలన్న సంగతే ఆవిడకు తెలియదు. మామూలుగా వచ్చింది.

ఎనిమిదింటికి నా ఫోన్ మోగింది. ఆంటీ గేటు దగ్గరనుంచి చేస్తోంది. గార్డు లోపలికి రానివ్వడం లేదట, కార్డు తీసేసుకున్నాడట.

"ఒకసారి కిందకి దిగి ఈళ్లకి చెప్పమ్మా, నాది ఫిక్స్ అయిందని."

మెట్ల మీదుగా దిగాను, లిఫ్టు కోసం ఆగలేకపోయాను. గేటు బయట ఎండలో నిలబడి ఉంది. లామినేషన్ చేయించిన ఆ కాగితాలను గార్డుకు ఒక్కొక్కటీ తిప్పి చూపిస్తోంది. అతనికీ ఇంగ్లీషు రాదు. ఆమె నమ్మకం చూసి అతను కూడా తికమకపడి, దీదీ మేరే హాథ్ మే కుఛ్ నహీ హై, నా చేతిలో ఏమీ లేదు అంటున్నాడు. నన్ను చూడగానే ఆంటీ మొహం విప్పారింది. ఇక అంతా సర్దుకున్నట్టే అన్నట్టు పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

అక్కడ, ఆ గేటు దగ్గర, ఆటోలు హారన్లు కొడుతుంటే చెప్పాను. ఆరు నెలలకే రాసిచ్చారని, అది అయిపోయిందని. ఆవిడ కాగితాలను ఒకసారి వెనక్కీ ముందుకూ తిప్పి చూసింది. తరువాత, నువ్వు చదివావుగా అమ్మా అంది. చదవలేదు ఆంటీ, అప్పుడు పూర్తిగా చదవలేదు అన్నాను. అది నిజమే. తరువాత తెలిసిన సంగతి మాత్రం అప్పుడు కూడా నోరు దాటి రాలేదు. అచ్ఛా అని ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని, ఎండలో మెల్లగా బస్‌స్టాపు వైపు నడిచి వెళ్లిపోయింది. నేను పైకి వెళ్లి పన్నెండో నంబరు బెడ్‌కు సెలైన్ మార్చాను.

పైగది అమ్మాయే దరఖాస్తు రాసింది. చదువు పక్కనపెట్టి రెండు రోజులు కూర్చుని, ఏ కోడ్‌లో ఏముందో చూసి, లేబర్ ఆఫీసులో ఇప్పించింది. సాక్షిగా నా పేరు రాయమని నేనే అడిగాను. ఆలోచించుకోండి అక్కా, మీరింకా అక్కడ్నే పనిచేస్తున్నరు అంది. రాయమన్నాను. వాయిదా వచ్చేదాకా ఆ మూడు వారాలూ నాకు కాస్త ఊపిరాడింది. సాక్ష్యం చెప్పడం నాకు చేతనైన పనే, దానితో నా తప్పు దిద్దుకుంటాననుకున్నాను.

వాయిదా రోజు ముగ్గురమూ వెళ్లాం. కూలర్ శబ్దం తప్ప మరేమీ వినిపించని ఒక గది. ఆఫీసరు మంచివాడే, ఆంటీని కూర్చోమన్నాడు. ఇటువైపు మేము, అటువైపు మా హెచ్‌ఆర్ మేనేజరు. పదహారేళ్లు పనిచేసినట్టు ఏముందని ఆఫీసరు అడిగితే ఆంటీ సంచిలోంచి పాటల పుస్తకం తీసి, మొదటి కాగితం తెరిచి బల్లమీద పెట్టింది. ఆయనకు తెలుగు రాదు. నేను చదివి, హిందీలో చెప్పాను. అంత చిన్న వాక్యం తెలుగులోంచి హిందీలోకి చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయన పుస్తకాన్ని గౌరవంగానే మూసి వెనక్కి ఇచ్చాడు. ఆసుపత్రి ఇచ్చింది ఏమైనా ఉందా అని అడిగాడు. లేదు.

తరువాత నన్ను అడిగాడు. ఈవిడను ఎప్పటినుంచి అక్కడ చూస్తున్నారు అని. పదకొండేళ్లుగా, నేను చేరిన రోజునుంచీ చూస్తున్నానని చెప్పాను. మా మేనేజరు గొంతు పెంచలేదు. ఫైలు విప్పి ఒక కాగితం తీసి ఆఫీసరు ముందుంచాడు. నాది. మూడో పేజీ. మేడమ్ జీ ఇంతకుముందు మా సంస్థలో ఏ హోదాలోనూ పనిచేయలేదని ఆమే రాసిచ్చింది సార్, ఆరు నెలల కిందట చేరిన మనిషి పదకొండేళ్లుగా ఎలా చూసింది అన్నాడు.

ఆఫీసరు కాగితం నావైపు తిప్పాడు.

"దస్తఖత్ ఆప్ కా హై?"

సంతకం మీదేనా అని. నాదే. జీ అన్నాను. ఆయన తలదించుకుని ఏదో రాసుకున్నాడు. పాత హాజరు పుస్తకాలు తెమ్మని మేనేజరుతో అన్నాడు. అవి ఏజెన్సీ దగ్గర ఉండాలి సార్, ఆ ఏజెన్సీ ఇప్పుడు లేదు అని జవాబు. నెల తరువాత ఇంకో వాయిదా ఇచ్చారు. బయటికి వచ్చాం.

వరండాలో నీళ్ల కుళాయి పక్కన నిలబడ్డాం. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైగది అమ్మాయి నన్ను ఓదార్చబోయింది. దాని మనసులో ఏ కల్మషమూ లేదు.

"మీరు గంతగనం బాధపడొద్దక్కా. ఆంటీ ఇంట్ల పులావ్ తిన్న నాడు నేను చెప్పేదాక మీకు మాత్రం ఏం ఎరుక?" అంది.

ఆంటీ నీళ్లు తాగుతోంది. గ్లాసు దించింది. నావైపు చూసింది. జనవరినుంచి జూన్ దాకా ఆవిడ కళ్లలోనే లెక్క జరిగిపోవడం నేను చూశాను. మార్చి దగ్గర ఆగింది. అక్కడ ఆగుతుందని నాకు తెలుసు.

తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండును. గ్లాసు కడిగి కుళాయి పక్కన బోర్లించింది. అది చూస్తూ నిలబడలేక, ఏదో ఒకటి చేయాలనిపించి, ఆంటీ ఆ పుస్తకం ఇలా ఇవ్వు, నువ్వు డ్యూటీ అని రాసుకున్నచోట కింద, పదకొండేళ్లు నేను నిన్ను చూశానని రాసి సంతకం పెడతాను, వచ్చే వాయిదాకు పనికొస్తుంది అన్నాను. నా సంచిలోంచి పెన్ను కూడా తీశాను.

ఆవిడ పుస్తకాన్ని గుండెకు దగ్గరగా పెట్టుకుంది.

"ఇందులో వొద్దులేమ్మా," అంది. "ఇందులో నిజాలే రాసుకున్నాను."

కోపంగా అనలేదు. రోగికి నొప్పి తెలియకుండా పక్కకు తిప్పేటప్పుడు మాట్లాడే గొంతుతోనే అంది. బస్సెక్కేటప్పుడు ఎప్పటిలాగే నా మోచెయ్యి పట్టుకుంది కూడా. పొరపాటున పట్టుకుని, గుర్తొచ్చి, వదిలేసింది.

ఇప్పుడు ఆంటీ గురుగ్రామ్‌లో ఒక అపార్టుమెంటులో మంచాన పడ్డ ముసలాయన్ని చూసుకుంటోంది. అక్కడే ఉండాలి, సెలవు లేదు, ఆదివారం లేదు. ఆ ఇంట్లో అపాయింట్‌మెంట్ లెటర్ అడిగావా అని పైగది అమ్మాయి ఫోన్లో అడిగితే నవ్విందట. నాకు ఫోన్ చేయదు. నేను చేస్తే తీస్తుంది, బాగున్నావా అమ్మా అంటుంది, ముసలాయన పిలుస్తున్నాడని పెట్టేస్తుంది. ఆరాధనలో తెలుగు చేసి చెప్పే పని నేను మానేశాను. గొంతు బాగాలేదని చెప్పాను.

పోయిన సోమవారం హెచ్‌ఆర్ పిలిచాడు. నా కొత్త కాగితం వచ్చింది. మళ్లీ ఆరు నెలలు. రెండో వాయిదాకు ఇంకా పది రోజులుంది. మూడో పేజీలో ఆ వాక్యం అలాగే ఉంది, ఇంతకుముందు ఏ హోదాలోనూ పనిచేయలేదని. ఆయన బెదిరించలేదు. పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు. బస్ ఫార్మాలిటీ హై మేడమ్ జీ, ఉత్త లాంఛనమే అన్నాడు.

చదువుకోవడానికి టైము కావాలన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, సరే చదువుకోండి అని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నాలుగు పేజీలూ మొదటినుంచి చివరిదాకా చదివాను. మా అమ్మాయికి ఇంకా రెండేళ్ల చదువుంది. నాకు నలభై ఏడు. మూడో పేజీ రెండుసార్లు చదివాను. ఈసారి ప్రతి మాటా అర్థమైంది.

సంతకం పెట్టాను.